మెయిల్‌లో మర్యాద ఎక్కడుంటుంది?

హైదరాబాద్‌లో తార్నాక నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దాకా ఒకే దారిమీద జీవశాస్త్ర పరిశోధనల సీసీఎంబీ ఉంది, భూభౌతిక పరిశోధనల కోసం పెట్టిన 1961 నాటి ఎన్‌జీఆర్‌ఐ ఉంది, దాని ఎదురుగా విదేశీ కంపెనీల లెక్కాపత్రాలు చూసిపెట్టే జెన్‌ప్యాక్ట్ ఉంది. మధ్యలో హబ్సిగూడ చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే నాచారం పారిశ్రామికవాడ మొదలవుతుంది: లేత్‌లు తిరిగే షెడ్లు, మందుల కంపెనీలు, అట్టపెట్టెలు చేసే యూనిట్లు, అలా మల్లాపూర్ దాకా. ఈ కొద్ది దూరంలో రోజూ మెయిల్ తెరిచేవాళ్లలో ఒక శాస్త్రవేత్త ఉంటారు, కొనుగోలు కంపెనీలో బిల్లులు పాస్ చేసే అకౌంటెంట్ ఉంటారు, రాత్రి షిఫ్టులో అమెరికా క్లయింటుకు జవాబివ్వాల్సిన కుర్రవాడో అమ్మాయో ఉంటారు. ముగ్గురి పనులూ వేరు. ఒక్క విషయంలో మాత్రం ముగ్గురూ సమానమే: మీ మెయిల్ కోసం ఎవరూ ఎదురుచూస్తూ కూచోలేదు. వాళ్ల ముందున్న వరసలో మీదీ ఒకటి. కాబట్టి మీరు ఎంత వినయంగా పలకరించారన్నది వాళ్లకు అంతగా పట్టదు. మీ మెయిల్ తెరిచాక తాము ఎంత వెతుక్కోవాల్సి వచ్చింది, ఎన్ని ఊహించుకోవాల్సి వచ్చింది, ఎన్నిసార్లు తిరిగి అడగాల్సి వచ్చింది అన్నదే వాళ్లకు గుర్తుండిపోతుంది. చదివేవాళ్ల పని తగ్గించడమే మెయిల్‌లో అసలు మర్యాద అన్నది ఈ అధ్యాయం వాదన. స్పష్టతను ఒకచోట, మర్యాదను ఇంకోచోట నేర్చుకోనక్కర్లేదు.

ఈ మాట చెప్పగానే, ‘నేను స్పష్టంగానే రాస్తాను, అవతలివాళ్లే సరిగా చదవరు’ అనిపించడం సహజం. అది ఒక్కరికి కలిగే భ్రమ కాదు. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వారి సహచరులు 2005లో అచ్చు వేసిన పరిశోధనలో కొందరికి కొన్ని వాక్యాలిచ్చి, కొన్నింటిని వ్యంగ్యంగా, కొన్నింటిని మామూలుగా అవతలివారికి చేరవేయమన్నారు. కొందరు మెయిల్‌లో పంపారు, కొందరు గొంతుతో చెప్పారు. పంపినవాళ్లంతా తమ ఉద్దేశం దాదాపు అయిదింట నాలుగుసార్లు అర్థమవుతుందని లెక్క వేసుకున్నారు. గొంతుతో చెప్పినవాళ్ల అంచనా ఇంచుమించు నిజమైంది. మెయిల్‌లో పంపినవాళ్ల మాటను అర్థం చేసుకోవడం మాత్రం బొమ్మా బొరుసూ వేసి చెప్పినదానికంటే కొంచెమే మెరుగు. కారణం ఊహకు అందేదే. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో మోగుతూనే ఉంటుంది, కాయితం మీదికి మాత్రం రాదు. రాసినదాన్ని మన ఉద్దేశానికి వ్యతిరేకమైన గొంతుతో ఒకసారి పైకి చదివితే ఈ అతి నమ్మకం తగ్గుతుందని కూడా అదే పరిశోధనలో తేలింది. కనుక పంపేముందు మీ మెయిల్‌ను చిరాకు గొంతుతో ఒక్కసారి చదివి చూడండి. ‘ఇంతవరకు పంపలేదు’ అన్న మాట మీకు సమాచారంలా అనిపించి ఉండొచ్చు, అవతలివాళ్లకు నిలదీసినట్టు వినిపించవచ్చు. నిజంగానే కోపంలో ఉంటే ఆ రాత్రికి ఆపేయండి. ఈ సలహా కొత్తదేమీ కాదు. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ టెలికం సంస్థ వీఎస్ఎన్ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే మర్యాదల పత్రంలోనే ఆవేశపు జవాబులను తెల్లారేదాకా ఆపమని ఉంది. జీమెయిల్ పంపినదాన్ని వెనక్కి తీసుకోవడానికి గరిష్ఠంగా 30 సెకన్లు ఇస్తుంది. కోపం అంత తొందరగా చల్లారదు.

మనవాళ్ల ఇంగ్లీషు మెయిళ్లలో వినయం పొంగిపొర్లడానికి కూడా ఒక కారణం ఉంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘పంపండి’ అన్నామంటే అందులోనే గౌరవం వచ్చేసింది, పక్కన ‘గారు’ చేరిస్తే ఇక లోటు లేదు. ఇంగ్లీషుకు రాగానే ఆ వసతి పోయి, వాక్యం నడివీధిలో చొక్కా లేకుండా నిలబడ్డట్టు అనిపిస్తుంది. దాన్ని కప్పడానికి ‘రెస్పెక్టెడ్ సర్’, ‘కైండ్లీ’, ‘హంబుల్ రిక్వెస్ట్’, ‘జెంటిల్ రిమైండర్’ ఒకదాని మీద ఒకటి వేస్తాం. వాటిలో తప్పేమీ లేదు. అయితే వాటిని పేర్చడంలో ఉన్న శ్రద్ధ అసలు విషయం దగ్గర కరువవుతుంది.

ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నాచారంలో ఒక చిన్న యూనిట్ ఒక పెద్ద కంపెనీకి ఫ్లాంజ్‌లు చేసి ఇచ్చింది. గడువు దాటినా డబ్బు రాలేదు. యజమాని రాసే మెయిల్ సాధారణంగా ఇలా ఉంటుంది. సబ్జెక్టు: ‘రిగార్డింగ్ పేమెంట్’. లోపల: ‘రెస్పెక్టెడ్ సర్, హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్. విత్ రిఫరెన్స్ టు ద ఎబవ్ సబ్జెక్ట్, అవర్ పేమెంట్ ఈజ్ పెండింగ్ సిన్స్ లాంగ్ టైమ్. కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్ అట్ ది ఎర్లియెస్ట్.’ ఒక్క పరుషమైన మాట లేదు. ఇప్పుడు దీన్ని అవతలి అకౌంటెంట్ కుర్చీలోంచి చూడండి. ఏ బిల్లు? పాత మెయిళ్లలో వెతకాలి. ఏ పర్చేజ్ ఆర్డరు మీద? సిస్టమ్‌లో పార్టీ పేరు కొట్టి చూడాలి, అక్కడ నాలుగు బిల్లులు కనిపిస్తాయి. సరుకు అందిందా, స్టోర్స్ వాళ్లు ఎంట్రీ వేశారా? స్టోర్స్‌కు ఫోన్ చేయాలి. ఇన్‌స్పెక్షన్‌లో ఏమైనా రిజెక్ట్ అయ్యాయా? క్వాలిటీ వాళ్లను అడగాలి. గడువు ఎప్పటితో అయిపోయింది? ఆర్డరు తెరిచి షరతులు చదవాలి. ఇన్ని చేశాక, ‘అట్ ది ఎర్లియెస్ట్’ అంటే ఈ వారమా, ఈ నెలా? ఇవన్నీ చేసే ఓపిక మధ్యాహ్నం భోజనం వేళకు ఎవరికీ ఉండదు. తరువాత చూద్దామని వదిలేస్తారు. రెండు వారాలకు ఇంకో జెంటిల్ రిమైండర్ వస్తుంది, మళ్లీ బిల్లు నంబరు లేకుండానే. కంపెనీ డబ్బు ఎగ్గొట్టాలని చూస్తోందని ఇక్కడ యజమాని నమ్మకం. కొన్ని కంపెనీలు చూస్తాయి కూడా. చాలాసార్లు మాత్రం ఆ మెయిల్‌కు జవాబివ్వడం పదిహేను నిమిషాల పని, పక్కనున్న మెయిల్‌కు ఒక్క నిమిషం. ఎవరైనా ముందు ఒక్క నిమిషం పనే చేస్తారు.

అదే విషయం ఇలా రాస్తే?

సబ్జెక్టు: ఇన్వాయిస్ 118 (12 మే), రూ.1,86,000: గడువు 26 జూన్‌తో ముగిసింది

‘నమస్తే అండీ. మీ పీవో 4471 మీద 12 మే నాడు మీకు అందిన 200 స్టీల్ ఫ్లాంజ్‌ల బిల్లు రూ.1,86,000 మాకు ఇంకా రాలేదు. పీవోలో రాసుకున్న 45 రోజుల గడువు 26 జూన్‌తో ముగిసింది. ఇన్వాయిస్, మీ స్టోర్స్ సంతకం ఉన్న చలాన్ జత చేశాను. ఏ తేదీకి చెల్లించగలరో 5 జూలై లోపు చెప్పండి. మా వైపు నుంచి ఏదైనా కాయితం తక్కువైతే అదీ చెప్పండి, ఆ రోజే పంపిస్తాను.’ కింద పేరు, ఫోన్ నంబరు.

ఇందులో పొగడ్త లేదు, ప్రాధేయపడటం లేదు. సబ్జెక్టు చూస్తేనే సగం పని అయిపోతుంది. ఫోన్ తెర మీద సబ్జెక్టులో మొదటి నాలుగైదు మాటలే కనిపిస్తాయి గనుక బిల్లు నంబరు ముందే ఉంది. అడిగింది ఒక్కటే, అదీ చెల్లింపు కాదు, తేదీ. అకౌంటెంట్ చేతిలో చెక్కు సంతకం ఉండదు, తేదీ కనుక్కుని చెప్పడం ఉంటుంది. ఎవరి చేతిలో ఏ పని ఉందో చూసి అదే అడగడం మర్యాదలో పెద్ద భాగం. చివరి వాక్యం ఇంకో పని చేస్తోంది. ఆలస్యానికి కారణం వాళ్ల నిర్లక్ష్యమే అనకుండా, ఏదో కాయితం తక్కువై ఉండొచ్చని వాళ్లకు దారి వదిలింది. నిజంగా నిర్లక్ష్యమే అయినా మాట పోకుండా బయటపడే వీలు దొరికినవాళ్లు తొందరగా కదులుతారు.

దీనికి మొదటి అభ్యంతరం తప్పకుండా వచ్చేదే: ఇది మరీ పొడిగా ఉంది, మన పద్ధతి కాదు, పెద్దవాళ్లకు రాసేటప్పుడు యోగక్షేమాలు అడక్కుండా నేరుగా విషయంలోకి వెళ్తే బాగుంటుందా? బాగుండదు, నిజమే. కానీ మన పద్ధతి అంటే ఏమిటో ఒకసారి చూడాలి. పాత తెలుగు ఉత్తరాల్లో మహారాజశ్రీ మొదలుకొని నమస్కారాల వరకు ఎంత సంబరం ఉన్నా, ‘ఉభయకుశలోపరి’ అన్న మాట దగ్గర అది ఆగేది. అక్కడి నుంచి అసలు సంగతి. చదివేవాళ్లకు ఎక్కడ చూపు ఆనించాలో తెలుసు. మన ప్రభుత్వ ఉత్తరాల్లో ‘విషయం’, ‘సూచిక’ అని పైనే రెండు వరసలు ఉంటాయి. ఇది దేని గురించి, దీనికి ముందు కాయితం ఏది అన్న రెండు ప్రశ్నలకూ అవి జవాబులు. అంటే మర్యాదకు ఒక చోటు, సంగతికి ఒక చోటు కేటాయించడం మన ఉత్తరాలకు ఎప్పటినుంచో తెలుసు. ఈనాటి మెయిల్‌లో పోయింది ఆ చోటే. ‘హోప్ యూ ఆర్ డూయింగ్ వెల్’ ఉంచుకోండి, అభ్యంతరం లేదు. దాని తరువాతి వాక్యంలో సంగతి ఉండాలి, ఆరో వాక్యంలో కాదు. మొన్ననే ఇంట్లో పెళ్లి చేసిన మనిషికి రాస్తుంటే పెళ్లి గురించి ఒక మాట అడగడం నిజమైన పలకరింపు. ఎవరో తెలియని మనిషికి అదే అచ్చుపోసిన వాక్యం పంపడం పలకరింపు కూడా కాదు.

రెండో అభ్యంతరం వ్యాపారస్తులది. తేదీలు వేసి, గడువు దాటిందని నిక్కచ్చిగా రాస్తే కస్టమర్ నొచ్చుకుంటాడు, రేపు ఆర్డరు పక్క షెడ్డుకు పోతుంది. ఈ భయాన్ని కొట్టిపారేయలేం, చిన్న యూనిట్‌కు ఒక్క కస్టమర్ పోతే నెల జీతాలు ఇబ్బందిలో పడతాయి. అయితే చట్టం ఏం చెబుతోందో తెలిస్తే ఈ లెక్క కాస్త మారుతుంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి గడువు పెట్టుకోకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. సరుకు అందిన 15 రోజుల్లో కొన్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే సరుకును ఒప్పుకున్నట్టే లెక్క. 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన మార్పు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో, ఈ గడువులోగా ఇవ్వని సొమ్మును కొన్న కంపెనీ నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చుగా చూపుకోవాలి. అంటే మార్చి దాటితే ఆ ఏడాది పన్ను పెరుగుతుంది. ఇప్పుడు మీ మెయిల్‌లో గడువు తేదీ, కింద చిన్న పరిశ్రమగా మీ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ నంబరు ఉంటే అవతలి అకౌంటెంట్‌కు అది బెదిరింపు కాదు, తన ఆడిటర్ అడగబోయే సమాచారం. చట్టం పేరెత్తకుండానే పని జరుగుతుంది. మొదటి మెయిల్‌లోనే సెక్షన్లు ఏకరువు పెట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్లకు డబ్బు రావచ్చు, ఆర్డరు మాత్రం రాదు. చట్టం మాట మూడోసారికి దాచుకోండి.

‘అయినా ఇప్పుడు మెయిల్ ఎవరు చూస్తారండీ, పనంతా వాట్సాప్‌లోనే’ అన్నది మూడోది, అన్నిటికంటే బలమైనది. నాచారంలో డ్రాయింగ్ ఫొటో నుంచి లారీ నంబరు దాకా అందులోనే తిరుగుతోంది. ‘లోడు బయల్దేరింది’ అని చెప్పడానికి మెయిల్ రాసేవాణ్ని చూసి నవ్వాల్సిందే. 2000 నాటి ఐటీ చట్టం ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదాన్ని కూడా రాతగా గుర్తిస్తుంది గనుక చట్టం ముందు వాట్సాప్ మెసేజీ పనికిరాదని కూడా అనలేం. తేడా దొరకడంలో ఉంది. రేటు మార్పు ఒప్పుకున్న మెసేజీ కొనుగోలు మేనేజరు సొంత ఫోన్‌లో ఉంటుంది. అతను ఉద్యోగం మారితే ఫోన్‌తోపాటు అదీ పోతుంది. గుడ్ మార్నింగ్ పూలబొమ్మల మధ్య ఆరు నెలల కిందటి వాయిస్ నోట్ వెతకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. మెయిల్ కంపెనీ చిరునామాలో ఉంటుంది, తరువాత వచ్చినవాళ్లకూ దొరుకుతుంది. అందుకని పరిమాణం, రేటు, తేదీ, రిజెక్షన్, ఈ నాలుగింటిలో ఏది ఫోన్‌లో మాట్లాడుకున్నా సాయంత్రానికి మూడు వరసల మెయిల్ పెట్టండి: ‘ఈరోజు ఫోన్‌లో అనుకున్నట్టు...’ అని. అనుమానించినట్టు కాదా అంటారు. ఇద్దరి జ్ఞాపకశక్తి మీదా భారం తగ్గించడం అది.

రోడ్డుకు అవతల, విదేశీ క్లయింట్లతో పనిచేసేవాళ్ల దగ్గర, అస్పష్టతకు ధర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఉప్పల్‌లో సాయంత్రం ఆరున్నర అయితే న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. మన షిఫ్టు ముగిసేవేళ ‘ప్లీజ్ కన్ఫర్మ్’ అని పంపి ఇంటికి వెళ్తే, ‘కన్ఫర్మ్ వాట్?’ అని వాళ్లు అడిగింది మనం చూసేది మర్నాడు. మన వివరణ వాళ్లు చదివేసరికి ఒక పని దినం పోయింది, ఒక్క మాట కోసం. 05/06 అని తేదీ వేస్తే మనకు జూన్ 5, వాళ్లకు మే 6. ‘రేపు’ అంటే ఎవరి రేపు? ‘ఎండ్ ఆఫ్ డే’ అంటే ఏ ఊరి పొద్దు? 1,50,000 అని కామాలు పెడితే లక్ష తెలియనివాళ్లు రెండుసార్లు చూసుకోవాలి. కాబట్టి నెల పేరు అక్షరాల్లో రాయండి, వేళతోపాటు ఏ దేశపు వేళో చెప్పండి, ప్రశ్నను ‘ఏ’ కావాలా ‘బి’ కావాలా అన్నట్టు అడిగి, ఇంత లోపు జవాబు రాకపోతే ‘ఏ’తో ముందుకు వెళ్తామని చెప్పండి. ఇంత నిక్కచ్చిగా అడిగితే పెడసరంగా ఉండదా అని మన కుర్రవాళ్లకు జంకు. నిద్ర లేచి మెయిల్ తెరిచిన మనిషికి ఒక్క అక్షరంతో జవాబివ్వగలగడం ఎంత హాయో ఆలోచిస్తే ఆ జంకు పోతుంది.

ఇంటర్న్‌షిప్ కోసం శాస్త్రవేత్తలకు రాసే విద్యార్థుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే తప్పు ఒక్కటే. ఒకే మెయిల్‌ను ఇరవైమందికి, అందరి పేర్లూ అందరికీ కనిపించేట్టు పంపడం. సంస్థ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పద్ధతి ఉంటే ముందు అది చదవాలి. ఆపైన ఒక్కరికి, వాళ్ల పనిలో మీరు చదివినదేదో, మీకు వీలైన నెలలేవో చెబుతూ పది వాక్యాలు చాలు.

భాష విషయంలో మాత్రం మనవాళ్లది అనవసరమైన బెరుకు. కాలనీలో డ్రైనేజీ పొంగుతోందని మున్సిపల్ ఆఫీసుకు రాయాలంటే రాని ఇంగ్లీషులో కుస్తీ పడతారు. 2005 నాటి సమాచార హక్కు చట్టమే దరఖాస్తును ఇంగ్లీషు, హిందీ లేదా స్థానిక అధికార భాషలో, ఎలక్ట్రానిక్ మార్గంలోనూ ఇవ్వవచ్చంటోంది. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పనక్కర్లేదని, ఏ సమాచారం కావాలో వివరంగా చెబితే చాలని కూడా అందులో ఉంది. చట్టం చేసినవాళ్లకు తెలిసిన ఈ సంగతి ఫిర్యాదుకూ సరిపోతుంది. కాలనీ పేరు, వీధి నంబరు, దగ్గరున్న గుర్తు, ఏ తేదీ నుంచి, పాత ఫిర్యాదు నంబరు, ఒక ఫొటో. ‘అధికారుల నిర్లక్ష్యానికి ఇది పరాకాష్ఠ’ అన్న వాక్యం తీసేస్తే ఇంకో రెండు వివరాలకు చోటు దొరుకుతుంది.

సీసీ గురించి ఒక మాట. టైపు మిషను కాలంలో కార్బన్ కాయితం పెట్టి తీసిన నకలు పేరే దానికి అంటుకుంది. ఎవరికి తెలిసి ఉండాలో వాళ్లకు నకలు ఇవ్వడం దాని పని. మన ఆఫీసుల్లో అది లాఠీ అయింది. జవాబు రాకపోతే రెండో మెయిల్‌కే మేనేజర్ని సీసీలో పెడతారు. పని జరుగుతుంది, కానీ ఆ మనిషి మీ మెయిల్ కనబడినప్పుడల్లా ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబిస్తాడు, అడిగినదానికంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పడు. పెట్టాల్సి వస్తే ముందు అతనికే చెప్పండి, ఫలానా రోజు దాకా చూసి మేనేజర్‌గారికి కూడా రాస్తానని.

ఇవన్నీ ఇక ఏఐ రాసిపెడుతుంది కదా అనేవాళ్లు సగం నిజం చెబుతున్నారు. ఇంగ్లీషు తప్పులు దిద్దుతుంది, పెద్ద మెయిల్‌ను కుదిస్తుంది, వాడుకోండి. ఇన్వాయిస్ 118కు చలాన్ జత చేశారో లేదో దానికి తెలియదు. మీరు చెప్పనిదాన్ని చక్కటి మాటలతో పద్నాలుగు వరసలు చేసి ఇస్తుంది, అవతలివాళ్లు దాన్ని ఇంకో ఏఐకి ఇచ్చి రెండు వరసలు చేయించుకుంటారు.

మిగిలింది జవాబిచ్చేవాళ్ల వంతు. అడిగేవాళ్ల మర్యాద గురించి ఇంత మాట్లాడుకుంటాం గానీ, నాచారం మెయిల్‌కు అవతల ఉన్న కంపెనీ చేసే పెద్ద అమర్యాద మౌనం. డబ్బు ఇవ్వలేకపోవడం తప్పనిసరి కావచ్చు, చెప్పకపోవడం కాదు. ‘నోటెడ్’ అనీ, ‘చూస్తున్నాం’ అనీ రాస్తే జవాబిచ్చినట్టు అనిపిస్తుంది, అవతల జీతాలు ఎప్పుడివ్వాలో లెక్క వేసుకునే మనిషికి మాత్రం దాంతో ఏమీ తెలియదు. ‘ఈ నెల మొత్తం ఇవ్వడం కుదరదు. 1,86,000లో సగం 20 జూలైకి, మిగతాది 10 ఆగస్టుకి వేస్తాం’ అన్న రెండు వాక్యాల్లో క్షమాపణ లేకపోయినా అతను ఆ రాత్రి బ్యాంకువాళ్లతో ఏం చెప్పాలో నిర్ణయించుకోగలడు. ఆ తేదీ తప్పేట్టుంటే తప్పకముందే ఇంకో వాక్యం పంపాలి.